శత్రువు ప్రాణానికి కాపలా

హో ప్యొంగ్-డల్‌ను చంపినవాళ్ళకు అతని మీద కక్షేమీ లేదు. మందు సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు, అంతే.

ఆ సంగతి తాక్ ము-జిన్‌కు తర్వాత అర్థమైంది. ఆ ఉదయం అతను చూసింది శవాన్ని మాత్రమే. చైనాలోని షెన్‌యాంగ్‌లో కొరియావాళ్ళ పేట షితా. అక్కడి ఒక స్నానశాలలో, వేడిగది మట్టినేల మీద హో వెల్లకిలా పడి ఉన్నాడు. తల కింద చెక్క దిండు, చేతి పక్కన సగం కొరికిన ఉడకేసిన గుడ్డు. నిద్రపోతున్నాడనుకుని జనం అతన్ని దాటుకుంటూ తిరిగారు. ఎవరో తడి తువ్వాలు తెచ్చి అతని కాళ్ళ మీదే ఆరేసుకున్నారు.

స్నానశాల యజమానురాలు గుండెపోటని తనే తేల్చేసింది. వెనక గుమ్మం నుంచి శవాన్ని తీయించే ఏర్పాట్లు చూస్తూనే, ముందు గుమ్మంలో టిక్కెట్లు అమ్మిస్తోంది.

ఆ పేటలో తాక్‌ని కిమ్చీ పచ్చడి దాచుకునే ఫ్రిజ్‌లు అమ్ముకునే సోల్ వ్యాపారిగా ఎరుగుదురు. నిజానికి అతను దక్షిణ కొరియా గూఢచారి శాఖలో సీనియర్ ఏజెంట్. హో అతని ఇన్‌ఫార్మర్. యంత్రాల విడిభాగాలను దొంగచాటుగా సరిహద్దు దాటించే బ్రోకర్. ముందురోజే ఫోన్ చేసి, గ్రే హెరాన్ కంపెనీ వాళ్ళు ఉత్తర, దక్షిణ కొరియాల చర్చలను పొట్టలో పొడవబోతున్నారనీ, మిగతాది కలిసినప్పుడు చెబుతాననీ అన్నాడు. తాక్ దాన్ని మాటవరసకు అన్నదనుకున్నాడు.

ఇప్పుడు అతను వంగి శవం మీది స్నానపు చొక్కా పైకెత్తాడు. బొడ్డుకు కాస్త కింద, దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. ఒంటి మీద ఇంకెక్కడా గాయం లేదు.

వెనక నిలబడ్డ యజమానురాలు, చూసింది చాలనీ, లోపలికి రావాలంటే బూట్లు విప్పాలనీ విసుక్కుంది.

అతని బాస్ మా గిల్-సూ ఆ పూటే సోల్ నుంచి దిగాడు. ఇద్దరూ స్టేషన్ దగ్గర సూప్ కొట్లో కలుసుకున్నారు. మా గిల్-సూ ముందు నెత్తురు నింపిన పేగుల పళ్ళెం పొగలు కక్కుతోంది. శవం గురించి తాక్ చెబుతున్నంతసేపూ అతను ఒక్కో ముక్కనూ ఉప్పులో అద్దుకుని నములుతూనే ఉన్నాడు. తాక్ తన గిన్నెను పక్కకు జరిపేశాడు.

బ్రీఫింగ్ కూడా ఆ నమలడం మధ్యనే నడిచింది. ఉత్తర కొరియా రాయబారి ర్యాంగ్ హక్-చొల్, దక్షిణ కొరియా రాయబారి యో ఇన్-సక్, ఇద్దరూ ముసలివాళ్ళే, కొన్నేళ్ళుగా ఎదురెదురుగా కూర్చుని వాదించుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఉత్తరం తన అణు రియాక్టర్‌ను మూసేస్తుంది, తనిఖీ అధికారులను లోపలికి రానిస్తుంది. బదులుగా కరెంటు, బియ్యం అందుతాయి, దక్షిణం సైనిక విన్యాసాలు ఆపేస్తుంది. మర్నాడు చైనా ప్రభుత్వ అతిథి గృహంలో మధ్యాహ్నం విందు, దాని తర్వాత సంతకాలు. సంతకాలు జరగకపోతే, ఉత్తరాన సొరంగంలో సిద్ధంగా ఉంచిన బాంబును పరీక్షిస్తారు. దక్షిణాన బాంబర్లు ఇంజన్లు వేడి చేసుకుంటున్నాయి.

గ్రే హెరాన్ ఒక మకావు కంపెనీ. పేరుకు ఇంధన సలహాదారులు. ఉత్తరానికి యురేనియం శుద్ధి చేసే గొట్టాలు అమ్మేదీ వాళ్ళే, ఆ గొట్టాలను చూపించి దక్షిణానికి రాడార్లు అమ్మేదీ వాళ్ళే. యజమాని వాల్టర్ క్రోన్. ఏ దేశం పాస్‌పోర్టు అవసరమైతే ఆ దేశం మనిషి. కరెంటు ప్రాజెక్టుకు సలహాదారుగా అతనికి కూడా ఆ విందుకు పిలుపు ఉంది.

"చేతులు కలిపే చోటికి వాణ్ణి కూడా పిలిచారా సార్?" అని అడిగాడు తాక్.

"వాణ్ణి పిలవడానికి రెండు వైపులా మనుషులున్నారు. అది మన గొడవ కాదు. రేపు సంతకం అయ్యేదాకా ర్యాంగ్‌ను ప్రాణాలతో ఉంచు. అదే నీ పని."

తాక్ తమ్ముడు ము-యంగ్ నౌకాదళంలో పనిచేసేవాడు. పడమటి సముద్రంలో గస్తీ తిరుగుతుండగా ఉత్తరం వాళ్ళు పడవను పేల్చేశారు. తల్లికి అప్పగించడానికి టోపీ తప్ప ఏమీ దొరకలేదు. ఆ సాయంత్రం టీవీలో కనిపించి, అది న్యాయమైన శిక్ష అని చదివి వినిపించినవాడు ఈ ర్యాంగ్ హక్-చొల్.

"ఇంకెవరూ దొరకలేదా మీకు?"

"షితా నీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. తినవయ్యా, చల్లారిపోతోంది," అన్నాడు మా గిల్-సూ.

శాఖ టెక్నికల్ విభాగం అతనికి మూడు వస్తువులు పంపింది. చెవిలో ఇమిడిపోయి మాటలు అటూ ఇటూ చేరవేసే రిసీవర్, ఎదుటివాడి కళ్ళు బైర్లు కమ్మించే ఫ్లాష్ ఉన్న కెమెరా, విషం తగిలితే కొనలు నల్లబడే స్టీలు చాప్‌స్టిక్స్. హోటల్ గదిలో తాక్ చాప్‌స్టిక్స్‌ను మామూలు కిమ్చీలో ముంచి చూశాడు. కొనలు నల్లబడ్డాయి. తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత ఓక్ సె-రిన్ బ్యూటీ పార్లర్‌కు వెళ్ళాడు. ఆమె సరిహద్దు పట్టణంలో పుట్టిన చైనా కొరియన్. నక్క బొచ్చు కాలరు, ఎర్రటి పెదవులు, జుట్టును ఉంగరాలు తిప్పే పెర్మింగ్ మందు కంపును కప్పేసే అత్తరు. ఆమె ఎవరి మనిషని షితాలో అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెప్పేవారు. ఆమె అందరి దగ్గరా జీతం తీసుకునేది కాబట్టి ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు.

తాక్ కుర్చీలో కూర్చుని, ఈ ఊరి నీళ్ళకు జుట్టు రాలిపోతోందని కోడ్ మాట అన్నాడు. నీళ్ళను తిట్టుకోవద్దు, ఆలోచనలు తగ్గించుకోండి అని ఆమె బదులు కోడ్ చెప్పింది. దువ్వెన తీసుకుని అతని నడినెత్తిని పరీక్షగా చూసింది.

"అయినా మీకు కోడ్ ఎందుకు సార్, నిజంగానే రాలిపోతోంది."

నవ్వుతూనే గొంతు తగ్గించి అసలు విషయం చెప్పింది. విందులో వడ్డించే అమ్మాయిలను చూసుకునే పని ఆమెకే అప్పగించారు. అక్కడ క్రోన్ మనుషుల కదలికలు చూసింది. విషం గ్లాసులెత్తి శుభం పలికే టోస్ట్‌కు పోసే జొన్నసారాలో ఉంటుంది. ర్యాంగ్ గ్లాసు కోసం మెడకు ఎర్రదారం కట్టిన సీసా వేరే పెట్టారు.

ఇది తనకెందుకు చెబుతున్నావని తాక్ అడిగాడు.

"యుద్ధమొస్తే నా కుర్చీల్లో కూర్చునేదెవరు సార్? శవాలకు పెర్మింగ్ చెయ్యలేను కదా."

తాక్ నమ్మాడు. మిగతావన్నీ ఎలా ఉన్నా, స్వార్థం చెప్పే కారణం నమ్మదగ్గదిగానే అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం తాక్ దక్షిణ బృందం ఫోటోగ్రాఫర్‌గా అతిథి గృహంలోకి అడుగుపెట్టాడు. బయట బొగ్గు పొగ కలిసిన మంచు. లోపల చెమటలు పట్టేంత వేడి. గుమ్మం దగ్గర ఓక్ సె-రిన్ కొరియా సంప్రదాయపు పట్టు గౌను హాన్‌బోక్‌లో మెరిసిపోతూ వచ్చినవాళ్ళ ఓవర్‌కోట్లు అందుకుంటోంది. ర్యాంగ్ హక్-చొల్ బక్కపలచటి మనిషి. చొక్కా కాలరు అతని మెడకు వదులైపోయింది. తాక్ లెన్స్‌లోంచి ఆ మెడను చూశాడు. టీవీలో ఆ రోజు కనిపించిన మెడ ఇంకా లావుగా ఉండేది.

బల్ల మీద కాల్చిన బాతులు, సముద్రపు నత్తలు, లేడి నరాల కూర, చల్లటి జెల్లీ చేపల పళ్ళేలు. సరిహద్దు నదికి అవతల, ఉత్తరంలో జనం మొక్కజొన్న కంకి బెండ్లు ఉడకబెట్టుకుని తింటున్నారని ఆ గదిలో అందరికీ తెలుసు. బియ్యం ఎన్ని ఓడల్లో పంపాలని వాదించినవాళ్ళే ఇప్పుడు బాతు చర్మం కరకరలాడుతోందా లేదా అని వాదించుకుంటున్నారు. దక్షిణం వైపు ఒక సైనిక సలహాదారు, యుద్ధం వస్తే మొదటి రోజు పోయే ప్రాణాలు భరించదగ్గ సంఖ్యేనని పక్కవాడికి చెప్పి, ఆ నోటితోనే ఇంకో రొట్టె అందుకోమన్నాడు. ఉత్తరం వైపు పార్టీ కమిసార్ ఒకడు నత్తల గుల్లలు బల్ల కిందకు జారవిడుస్తున్నాడు. వాళ్ళ మధ్య వాల్టర్ క్రోన్, తెల్లటి వేళ్ళతో తడి రుమాలు మడుస్తూ, అందరి పిల్లల పేర్లూ గుర్తుపెట్టుకుని కుశలం అడుగుతున్నాడు.

ఫోటోలు తీస్తున్న వంకతో తాక్ సారా సీసాల దగ్గరకు చేరాడు. ఎర్రదారం కట్టిన సీసా నిజంగానే ఉంది. చాప్‌స్టిక్ కొన లోపల ముంచి తీశాడు. తెల్లగానే ఉంది. మళ్ళీ ముంచాడు. ఏ మార్పూ లేదు.

అప్పుడే చెవిలో మా గిల్-సూ గొంతు వినిపించింది.

"తాక్, బయటికొచ్చెయ్."

తాక్ కెమెరా వెనక పెదవులు దాచుకుని, ఏమైందని అడిగాడు.

"ఏమీ కాలేదు. పైనుంచి మాట వచ్చింది. ఆ గదిలో ఏం జరిగినా మన కంట పడలేదు. కారు వెనక గేటు దగ్గరుంది."

"అంటే ముసలాయన్ని చావనిమ్మంటున్నారా?"

నమిలే చప్పుడు వినబడింది.

"నేనలా అన్లేదు. నిన్ను బయటికి రమ్మన్నాను, అంతే."

పైవాళ్ళంటే ఎవరో తాక్‌కు విడమరిచి చెప్పనక్కరలేదు. సోల్‌లో ప్రభుత్వానికి ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. భయపడ్డ జనమే వాళ్ళకు ఓట్లేసే జనం. అతను చెవిలోంచి రిసీవర్ పీకి జెల్లీ చేపల పళ్ళెంలో పడేశాడు. అది ఆ బంక ముక్కల మధ్య ఒకటిగా కలిసిపోయింది.

వడ్డించే అమ్మాయిలు అన్నం గిన్నెలు తేవడం మొదలుపెట్టారు. ర్యాంగ్ బల్ల మీదుగా యో ఇన్-సక్ వైపు చూశాడు. యో కనిపించీ కనిపించనట్టు తల ఊపాడు. ర్యాంగ్ లేచి, కోట్లు పెట్టిన గదిలోకి వెళ్ళి, తన ఓవర్‌కోటు జేబులోంచి ఏదో తీసి జాకెట్‌లో దాచుకుని, చేతులు కడుక్కునే గది వైపు నడిచాడు.

తాక్ తల్లి అచ్చం అలాగే లేచి వెళ్ళేది. అన్నం వడ్డించగానే మాయమయ్యేది. షుగర్ జబ్బు. తినబోయే ముందు పొట్టలో ఇంజెక్షన్ పొడుచుకోవాలి, పిల్లల కళ్ళముందు ఆ పని చేయడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు.

అతను ఓక్ సె-రిన్ వైపు చూశాడు. ఆమె సారా సీసాలను గానీ, ఎర్రదారాన్ని గానీ చూడటం లేదు. ముసలాయన వెనక మూసుకున్న తలుపునే చూస్తోంది. కోట్లు అందుకున్నది ఆమె చేతులే.

పొట్టలో పొడుస్తారు. హో అన్నది మాటవరసకు కాదు.

తాక్ పరుగెత్తాడు. తలుపు దగ్గర ఉత్తరం వాళ్ళ బాడీగార్డ్ అడ్డం నిలబడ్డాడు. తాక్ కెమెరా అతని ముఖానికి ఆనించి ఫ్లాష్ కొట్టాడు. గార్డ్ కళ్ళు మూసుకుని కూలబడుతూనే అతని కాలు పట్టేశాడు. ఇద్దరూ తలుపును తోసుకుంటూ లోపల పడ్డారు.

ర్యాంగ్ అద్దం ముందు నిలబడి ఉన్నాడు. చొక్కా అంచు పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నాడు. ముడతలు పడ్డ పొట్ట మీద ఇన్సులిన్ పెన్ను ఆని ఉంది. బొటనవేలు మీట మీద ఉంది.

"నొక్కకండి. మందు మార్చేశారు," అన్నాడు తాక్ నేల మీద నుంచే. అప్పటికి గార్డ్ మోచెయ్యి అతని గొంతు మీదకు వచ్చింది.

ర్యాంగ్ బొటనవేలు కదల్లేదు. చొక్కా అంచు నోట్లోంచి వదిలాడు.

"ఇది మీ యో ఇన్-సక్ ఇచ్చిన మందు. ఏడాదిగా ఇదే వాడుతున్నాను. నాకు జబ్బుందని మావాళ్ళకే తెలీదు. నీకెలా తెలిసింది?"

తనకు తెలియదనీ, ఇప్పుడే తట్టిందనీ, నిన్న ఒక మనిషిని ఇదే మందుతో చంపారనీ తాక్ అందినంత ఊపిరితో చెప్పాడు.

ఆ గది మూలలో పింగాణీ తొట్టి ఉంది. అందులో లావుపాటి బంగారు చేపలు రెండు. ర్యాంగ్ నెమ్మదిగా అక్కడికి వెళ్ళి, పెన్ను సూదిని నీళ్ళలో పెట్టి, మందు అయిపోయేదాకా మీట నొక్కాడు. మొదట ఏమీ కాలేదు. తర్వాత ఒక చేప మొప్పలు ఆగిపోయాయి. పక్కకు ఒరిగింది. రెండోదీ దాని పక్కనే తెల్లటి పొట్ట పైకి పెట్టి తేలింది.

ముసలాయన వాటినే చూస్తూ నిలబడ్డాడు. గార్డ్‌ను వదిలెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు. గార్డ్ లేచి, చేపలను చూసి, తలుపు మూసి దానికి ఆనుకుని నిలబడ్డాడు.

నాలుగు మాటల్లో అంతా అర్థమైంది. ర్యాంగ్ ఈ గదిలో, దక్షిణం వాళ్ళు ఇచ్చిన మందుతో చచ్చిపడితే, ఆ రాత్రికల్లా సొరంగంలో బాంబు పేలేది. యో తన జబ్బు గురించి ఒక్కరికే చెప్పాడని ర్యాంగ్ అన్నాడు. సోల్‌లో పైన కూర్చున్న భద్రతా సలహాదారుకు, నమ్మకంగా. అక్కడి నుంచే ఆ మాట క్రోన్ చెవికి చేరి ఉండాలి.

"మీవాళ్ళే నిన్ను పంపారా?" అని అడిగాడు ర్యాంగ్.

"వచ్చెయ్యమన్నారు."

"మరి నా మీద అంత ప్రేమేంటయ్యా?"

"ప్రేమేం లేదు. మా తమ్ముడు పడమటి సముద్రంలో పోయాడు. ఆ రోజు టీవీలో మీరు న్యాయమే జరిగిందన్నారు."

ర్యాంగ్ చొక్కాను లోపలికి దోపుకున్నాడు. తాక్ వైపు చూడకుండా అన్నాడు:

"అనమన్నారు. అన్నాను."

క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే తాక్ అతన్ని అక్కడే కొట్టి ఉండేవాడేమో. అద్దంలో ఇద్దరి ముఖాలూ కనిపిస్తున్నాయి, రెండూ పాచి పట్టినట్టున్నాయి.

"నేను బయటికెళ్ళి ఈ సంగతి చెప్తే మావాళ్ళు లేచి వెళ్ళిపోతారు. వాళ్ళకి కావలసింది కూడా అదే," అన్నాడు ర్యాంగ్. "కాబట్టి నోరు మూసుకుందాం. అన్నం తినకపోతే ఇంజెక్షన్‌తో పనిలేదు. ఖాళీ కడుపుతో సంతకం పెట్టొచ్చు."

పెన్ను జేబులో పెట్టుకుని అతను విందు గదిలోకి తిరిగి వెళ్ళాడు. అతను నడిచి రావడం చూసి ఓక్ సె-రిన్ చేతిలో పళ్ళెం ఒరిగింది. క్రోన్ మాత్రం నవ్వు చెదరనివ్వలేదు.

ర్యాంగ్ తన కుర్చీ దగ్గరకు పోలేదు. నేరుగా క్రోన్ పక్కకు వెళ్ళి, రెండు చేతులతో, పెద్దలకు కానుక ఇచ్చినంత మర్యాదగా పెన్నును చాచాడు. గదిలో మాటలు ఆగిపోయాయి. దుబాసీ లేచి నిలబడ్డాడు.

"క్రోన్ గారూ, తమరికి షుగరుందని విన్నాను. ఇది సోల్ నుంచి వచ్చిన మంచి మందు. నా మాట మన్నించి, మొదటి ముద్దకు ముందు ఒక్కసారి పొడుచుకోండి."

దుబాసీ అనువదించాడు. క్రోన్ చెయ్యి చాచలేదు. ర్యాంగ్ ఇంకొంచెం వంగి, సూది కొనను అతని చొక్కా గుండీల దగ్గరకు తెచ్చాడు. క్రోన్ ఒక్క ఉదుటున వెనక్కి తగ్గాడు. కుర్చీ పడిపోయింది, అతను గోడకు అంటుకుపోయాడు, తెల్లటి ముఖం మీద చెమట కారింది. ఆ పెన్ను ఖాళీ అయిపోయిందని అతనికి తెలియదు.

యో ఇన్-సక్ పెన్నును చూశాడు, క్రోన్‌ను చూశాడు, ముఖం పాలిపోయింది. గోడ పక్కన టీ తాగుతున్న చైనా అధికారి కప్పు కింద పెట్టాడు. ఇద్దరు యువకులు వచ్చి, గాలి మారితే తేలికపడుతుందని చెప్పి, క్రోన్‌ను చెరో రెక్కా పట్టుకుని బయటకు నడిపించారు. ఒక రెక్క పట్టుకున్నవాడు పెన్నును రుమాల్లో చుట్టుకుని వెళ్ళాడు.

సంతకాలు జరిగాయి. ర్యాంగ్ రాస్తుంటే యో తన అరచేతిని కాగితం అంచు మీద పెట్టి, అది కదలకుండా పట్టుకున్నాడు. తాక్ ఫోటో తీశాడు. అందరూ చప్పట్లు కొట్టారు, ఆ సైనిక సలహాదారుతో సహా.

మెట్ల దగ్గర ఓక్ సె-రిన్ ఎదురైంది. నక్క బొచ్చు కాలరు సర్దుకుంటూ కారు కోసం చూస్తోంది. తాక్ ఆమె దారికి అడ్డం నిలబడ్డాడు.

"నా మీద గుడ్లురుముతారేంటి సార్? మీ సోల్ వాళ్ళే సరేనన్నారు. క్రోన్ నాకు ఫోన్ కలిపి మరీ వినిపించాడు," అంది ఆమె. "తప్పు చేశానంటే, మీ అందరితో కలిసే చేశాను."

తాక్ పక్కకు తప్పుకున్నాడు. ఆమె అత్తరు వాసన మెట్ల మీద అలాగే ఉండిపోయింది, అతను తలుపు తెరిచి బొగ్గు పొగ పీల్చుకున్నాడు. అదే నయమనిపించింది.

ఊరు వదిలే ముందు హో దహనానికి వెళ్ళాడు. ఇంకెవరూ రాలేదు. పనివాళ్ళు మృతుడికి ఏమవుతావని అడిగితే, తమ్ముడినని చెప్పాడు.

క్రోన్‌ను వీసా నిబంధనలు ఉల్లంఘించినందుకు పట్టుకున్నట్టు చైనా పత్రికలో ఓ మూల వచ్చింది. సోల్‌లో పండగ వాతావరణం. ఒప్పందం తమ పట్టుదల వల్లే కుదిరిందని భద్రతా సలహాదారు టీవీల్లో చెప్పుకుంటున్నాడు. ఆఫీసులో మా గిల్-సూ తాక్‌ను కూర్చోబెట్టి, సలహాదారుకు పతకం ఖాయమైందనీ, తాక్ పేరు మాత్రం ఎక్కడా రాయలేదనీ చెప్పాడు. రాస్తే, ఆ రోజు తాక్ చెవిలో తనేం చెప్పాడో కూడా రాయాల్సి వస్తుంది.

తాక్ ఆ బల్లను, దాని మీది నూనె మరకల ఆహార పొట్లాన్ని, బాస్ నిండు బుగ్గలను చూశాడు. తనకు కోపం కూడా రావడం లేదని గమనించాడు. నోట్లో ఏదో పాచిపోయిన రుచి మాత్రం ఉంది.

"నాకు సెలవు కావాలి సార్," అన్నాడు.

"తీసుకో. ఎన్నాళ్ళు?"

"ఈ ఒప్పందం బతికినన్నాళ్ళు."

మా గిల్-సూ గోడ మీది కేలెండర్ వైపు చూసి, నోట్లోది మింగి, "అయితే సోమవారం వచ్చెయ్," అన్నాడు.